మాగాణి గట్టు మీద పసుపు గిన్నెలు: కంటికి ఆనని బదనికల లెక్క

పెన్నా డెల్టాలో, కోవూరు మండలంలోని ఒక మాగాణి గట్టు మీద రబీ పైరు కాలమంతా సాగిన పని ఇది. వరి నెల్లూరు మసూరి (ఎన్‌ఎల్‌ఆర్ 34449), నవంబర్‌లో నాట్లు. వెతికింది వరి పురుగుల గుడ్లలో తమ గుడ్లు పెట్టి పెరిగే బదనికలను, అంటే పరాన్నజీవి కందిరీగలను. కందిరీగ అనగానే కుట్టేది గుర్తొస్తుంది కానీ ఇవి మనుషుల్ని కుట్టవు. చాలావాటి ఒంటి పొడవు అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్లే. కాండం తొలిచే పురుగు, సుడిదోమ, ఆకుముడత పేర్లు ప్రతి రైతుకూ తెలుసు. వాటిని గుడ్డులోనే చంపేవాటిలో ట్రైకో కార్డుల (బదనిక చేరిన గుడ్లు అంటించి పొలంలో కట్టే అట్టముక్కలు) వల్ల ట్రైకోగ్రామా పేరొక్కటే ఊళ్లోకి వచ్చింది. మిగతావి పేరు లేకుండానే మన గట్ల మీద తిరుగుతున్నాయి.

ఇదే పని ఇంకో ఊళ్లో చేయదలచినవాళ్లు మొదటి నాలుగు దశల్లోని తప్పులు దాటేస్తే ఒక నెల మిగులుతుంది.

దశ 1: గిన్నెలు (నవంబర్ మొదటి వారం)

పసుపు రంగు గిన్నెలో సబ్బు నీళ్లు పోసి నేల మీద పెడితే, ఆ రంగుకు వచ్చిన పురుగు నీళ్లలో పడుతుంది. సబ్బు నీటి పైపొరను బలహీనం చేస్తుంది కాబట్టి పడింది తేలకుండా మునుగుతుంది. పద్ధతి ఇంతే. తప్పులన్నీ కొలతల్లో జరుగుతాయి.

1. ప్లాస్టిక్ గిన్నెలు 20. పైన వెడల్పు 16 సెం.మీ., లోతు 5 సెం.మీ.
2. ఒక్కో దాంట్లో 2 సెం.మీ. ఎత్తు నీళ్లు, అంటే సుమారు 400 మి.లీ.
3. పది లీటర్ల బకెట్‌కు ఒక టీస్పూన్ అంట్లు తోమే ద్రవం. కలిపాక నురగ తేరుకునేదాకా ఆగి పోయాలి.
4. గిన్నెకూ గిన్నెకూ మధ్య 2 మీటర్లు.
5. ఉదయం 8కి పెట్టి, మర్నాడు ఉదయం 8కి తీయాలి.

మొదటి రోజు సబ్బు ఎక్కువైంది. నురగ గిన్నె నిండా నిలిచింది. చిన్న బదనిక నురగ మీద వాలి, దాని మీదే నడిచి, అంచు ఎక్కి ఎగిరిపోతుంది. భూతద్దం పట్టుకుని పావుగంట చూస్తే ఇది తెలిసింది. ద్రవం ఏదైనా సరే, పైరు కాలం మొత్తానికి ఒకే రకం వాడాలి. వాసన మారితే లెక్కలోకి ఇంకో తేడా దూరుతుంది.

రెండో లోపం రంగు. బజారులో పసుపు అని ఇచ్చిన గిన్నెలు పండిన బంగినపల్లి తొక్క రంగులో ఉన్నాయి. పదింటికి లోపల నిమ్మపండు పసుపు పెయింటు వేసి, వాసన పోయేదాకా నాలుగు రోజులు ఎండలో ఆరబెట్టి, పాత రంగువీ కొత్తవీ ఒకటి విడిచి ఒకటి పెట్టి రెండు రోజులు నడిపాం. పాత రంగు పది గిన్నెల్లో బదనికలు 88, నిమ్మపసుపు పదింటిలో 173. ఆ సాయంత్రమే మిగతా పదింటికీ రంగు పడింది. ఈ లెక్క టీ జల్లెడతో వడగట్టి తీసినది కాబట్టి రెండు రంగుల మధ్య నిష్పత్తి చూడడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. ఎందుకో రెండో దశలో ఉంది.

గిన్నెను నేలకు సమంగా పూడ్చాలని అంటారు. మాగాణి గట్టు మీద అది కుదరదు. ఎండ్రకాయలు, ఎలుకలు బొరియలు చేసి గట్టును ముందే గుల్ల చేసి పెట్టాయి, దాంట్లో ఇరవై గుంటలు తవ్వితే కయ్యలో నీళ్లు నిలవవు. రైతు వద్దన్నది న్యాయమే. తవ్వకుండా, కాలవలోని బురద తెచ్చి గిన్నె చుట్టూ అంచుదాకా మెత్తి వాలు చేశాం. గాలికి ఎగరదు, నడిచొచ్చే పురుగుకూ అంచు అడ్డం కాదు, గట్టూ చెడదు.

ఇప్పటికి లెక్క: గిన్నె-రోజులు (ఒక గిన్నె ఒక రోజు పెడితే ఒకటి) 40. సీసాలు 8. ఖర్చు రూ. 660 (గిన్నెలు 300, పెయింటు 250, సబ్బు ద్రవం 60, టీ జల్లెడ 30, రాళ్లుప్పు 20).

దశ 2: జల్లెడ

ఈ డైరీలో ఒక్క దశే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

మూడో రోజు ఆరు గిన్నెల నీళ్లను టీ జల్లెడలో వడగట్టి, కిందికి దిగిన నీళ్లను పారబోయకుండా తెల్ల బకెట్‌లో పట్టాం. ఆ నీళ్లను 150 మైక్రాన్ల (0.15 మి.మీ.) రంధ్రాలున్న బోల్టింగ్ క్లాత్‌లో, అంటే సన్నని వడపోత గుడ్డలో, మళ్లీ వడగట్టాం. జల్లెడలో నిలిచిన బదనికలు 41. జల్లెడ దాటి గుడ్డలో చిక్కినవి 67. ఇవి ఏ కుటుంబాలవో తర్వాత మైక్రోస్కోపు కింద తేలింది:

మైమారిడే 31
సీలియోనిడే 19
ట్రైకోగ్రమాటిడే 12
మిగతావి 5

జల్లెడలో నిలిచిన 41లో ట్రైకోగ్రమాటిడే ఒక్కటీ లేదు. అంటే మొదటి రెండు రోజుల పుస్తకం ప్రకారం ఆ గట్టు మీద ఆ కుటుంబమే లేదు! నూటికి అరవై రెండు పురుగులు కాలవలోకి పోయాయి.

కారణం తేలిక. టీ జల్లెడ రంధ్రం దాదాపు ఒక మిల్లీమీటరు. 0.6 మి.మీ. పొడవున్న బదనిక వెడల్పు 0.2 మి.మీ.కు అటూ ఇటూ. పొడవు చూసి రంధ్రం ఎంచుకుంటే తప్పు, అది తల ముందుకు పెట్టి జారిపోతుంది. ఒంటి వెడల్పు కంటే సన్నటి రంధ్రం కావాలి. తెలిసిన పురుగులన్నిటిలో అతి చిన్నది కూడా ఈ మైమారిడే కుటుంబంలోదే. రెక్కలూ కళ్లూ లేని మగ పురుగు, పొడవు 0.139 మి.మీ. మన దగ్గర అంత చిన్నదాని కోసం కాకపోయినా, 150 మైక్రాన్ల కంటే పెద్ద రంధ్రానికి ఒప్పుకోవద్దు.

ఈ గుడ్డ కోసం పట్నాలకు రాయనక్కర్లేదు. నెల్లూరు జిల్లాలో రొయ్యల హేచరీలకు సామాను అమ్మే కొట్టు ఎక్కడున్నా దొరుకుతుంది. రొయ్య పిల్లలకు మేతగా వేసే ఆర్టీమియా పిల్లల్ని పట్టే నెట్ ఇదే. మైక్రాన్ చెప్పి అడిగితే కోసి ఇస్తారు. 100 మైక్రాన్లది కూడా తెచ్చి చూశాం. మాగాణి బురద రెండు గిన్నెలకే దాన్ని మూసేసింది, నీళ్లు దిగలేదు. 150 దగ్గర ఆగాం.

వడపోత గొట్టం చేసే తీరు:
1. 110 మి.మీ. పీవీసీ పైపు ముక్క, ఎత్తు 10 సెం.మీ.
2. ఒక అంచును ఉప్పుకాగితంతో నునుపుగా రుద్దాలి.
3. గుడ్డను బిగించి లాగి పైపు జిగురుతో అతికించాలి. వేలాడితే ఆ మడతలో పురుగులు దాక్కుంటాయి.
4. అంచుకూ గుడ్డకూ మధ్య సందు ఉందేమో వెలుగుకు పట్టి చూడాలి.

మొదటి గొట్టంలో నాలుగో మెట్టు వదిలేశాం. అతుకు దగ్గర వెంట్రుకంత సందు ఉంది. బదనికకు వెంట్రుకంత సందు చాలు.

దోమతెర కుట్టి మెలేజ్ గుడారం (ఎగిరే పురుగులను పట్టే తెర గుడారం) చేయడం కూడా ఈ కారణానే వదిలేశాం. దోమతెర కన్ను మిల్లీమీటరుకు పైనే. ఈగలు, పెద్ద కందిరీగలు ఆగుతాయి, మనకు కావలసినవి తెరలోంచి నేరుగా అవతలికి పోతాయి.

1982లో కీటక శాస్త్రవేత్త టెర్రీ ఎర్విన్ పనామా అడవిలో ఒకే జాతి చెట్ల మీద మందు పొగ వదిలి, రాలిపడిన పెంకుపురుగులను లెక్కించి, ఉష్ణమండలపు కీళ్లకాళ్ల జీవుల (కీటకాలు, సాలీళ్లు వగైరా) జాతులు మూడు కోట్ల దాకా ఉండొచ్చని రాశాడు. తర్వాతివాళ్లు ఆ సంఖ్యను బాగా తగ్గించారు. కానీ చెట్టు కొమ్మల్లో అన్ని జాతులున్నాయని పొగ పెట్టేదాకా ఎవరికీ తట్టలేదు. వరి గట్టుకు వచ్చేసరికి ఆ పొగ స్థానంలో ఉన్నది గుడ్డ రంధ్రం. బదనికలు తక్కువని ఎవరైనా అంటే ముందు అడగవలసింది వాళ్ల జల్లెడ కొలతే.

ఇప్పటికి లెక్క: గిన్నె-రోజులు 60. సీసాలు 13. ఖర్చు రూ. 1,410 (కొత్తగా నెట్ 350, మూత సీసాలు వంద 400).

దశ 3: వాన

నెల్లూరుకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది. పైరు నాటే కాలం, గిన్నె పెట్టే కాలం, వాయుగుండం వచ్చే కాలం ఒకటే. గిన్నె లోతు 5 సెం.మీ., నీళ్లు 2. మిగిలింది 3 సెం.మీ., అంటే 30 మి.మీ. వానకు గిన్నె నిండుతుంది. గోడలు పైకి విచ్చుకుని ఉంటాయి కాబట్టి ఇంకా ముందే నిండుతుంది. నాలుగో రోజు రాత్రి పడ్డ వానకు 20లో 13 పొర్లిపోయాయి. పొర్లిన గిన్నెను లెక్కలోంచి పూర్తిగా తీసేయాలి. అడుగున నాలుగు పురుగులు మిగిలాయి కదా అని రాసుకుంటే అది తప్పుడు లెక్క, ముందు కొట్టుకుపోయేవి చిన్నవే.

మొదటి మార్పు: అంచుకు ఒక సెంటీమీటరు కింద కాల్చిన మేకుతో 6 మి.మీ. రంధ్రం, లోపలి వైపు బోల్టింగ్ క్లాత్ ముక్క. రెండు తప్పులు జరిగాయి. తెల్ల జిగురు నీళ్లలో నాని గుడ్డ ఊడింది. ఊడనిచోట రంధ్రం చిన్నదై, జోరు వానలో లోపలికి వచ్చినంత వేగంగా బయటికి పోలేదు.

రెండో మార్పు, నిలిచింది: ఎదురెదురుగా రెండు రంధ్రాలు, ఒక్కోటి 12 మి.మీ. గుడ్డ ముక్క 3 సెం.మీ. చదరం, వేడి జిగురు గన్‌తో అంచులు నాలుగూ అతికించాలి. వారానికోసారి పాత పళ్ల బ్రష్‌తో గుడ్డను బయటి వైపు నుంచి రుద్దాలి, లేకపోతే బురద మూసేస్తుంది. దీని తర్వాత జల్లులకు ఒక్క గిన్నె కూడా పోలేదు. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజు మాత్రం గిన్నెలు పెట్టడమే మానుకున్నాం.

ఇప్పటికి లెక్క: పెట్టిన గిన్నె-రోజులు 80, పనికొచ్చినవి 67. సీసాలు 15. ఖర్చు రూ. 1,630.

దశ 4: ఉప్పు, స్పిరిట్, పెన్సిలు

లీటరు నీళ్లకు 30 గ్రాముల రాళ్లుప్పు వేస్తే పడిన పురుగు ఒక పగలూ ఒక రాత్రీ కుళ్లకుండా ఉంటుంది. వడగట్టాక మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. కడగకుండా స్పిరిట్‌లో వేస్తే ఉప్పు విడిపడి రెక్కల మీద పొడిలా పేరుకుంటుంది. రెక్క అంచు వెంట్రుకలే గుర్తింపుకు ఆధారమైన కుటుంబాల్లో ఇది కొంప ముంచుతుంది.

ఇథనాల్ కొనడానికి ఎక్సైజ్ అనుమతి కావాలి. కాలేజీ ప్రయోగశాల తోడుంటే అది తేలిక, లేకపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రసాయనాల కొట్లో దొరుకుతుంది. 75 మి.లీ.కు 25 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి వాడాం. ఆకారం చూసే పనికి అది చాలు. డీఎన్‌ఏ తీయించే ఆలోచన ఉంటే 95 శాతం ఇథనాల్, ఫ్రిజ్ తప్పవు. బోరు నీళ్లతో పలచన చేయవద్దు, ఇక్కడి బోర్లలో ఉప్పదనం ఉంది, అడుగున తెల్లగా దిగుతుంది. గుడ్డ మీది పురుగులతో పాటు కాస్త నీరు కూడా సీసాలోకి పోయి స్పిరిట్‌ను పలచన చేస్తుంది. మర్నాడు ఒకసారి స్పిరిట్ మార్చాలి.

ఇక లేబుల్. అప్పటికి నిండిన 15 సీసాల్లో 9 సీసాల లేబుళ్లు బాల్‌పెన్‌తో రాసినవి. పది రోజులకు సీసా తీస్తే కాగితం మీద నీలం మరక తప్ప అక్షరం లేదు. పురుగులు చెక్కుచెదరలేదు, కానీ ఏ రోజువో, ఏ గిన్నెవో తెలియని పురుగుతో లెక్కకు పని లేదు. తొమ్మిదీ పక్కన పెట్టేశాం. అందులో రంగు పరీక్ష పురుగులన్నీ పోయాయి. ఇప్పుడు పద్ధతి:

1. మందపాటి తెల్ల కాగితం ముక్క, 2.5 × 1.2 సెం.మీ.
2. హెచ్‌బీ పెన్సిలు. పెన్నూ వద్దు, ప్రింటరూ వద్దు. ప్రింటరు అక్షరాలు స్పిరిట్‌లో పొరలుగా లేస్తాయి.
3. జిల్లా, మండలం, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, పద్ధతి, పైరు వయసు, పట్టినవారు. నెలను రోమన్ అంకెలో రాయాలి: 12.xii. తేదీ ఏదో, నెల ఏదో తికమక ఉండదు.
4. లేబుల్ సీసా లోపలే ఉండాలి. బయట అంటించింది ఊడిపోతుంది.
5. పురుగు వేయకముందే లేబుల్ వేయాలి.

ఇప్పటికి లెక్క: పనికొచ్చే గిన్నె-రోజులు 22. సీసాలు 6. ఖర్చు రూ. 2,530 (స్పిరిట్ ఐదు లీటర్లు 900).

నెల రోజుల పనిలో చేతిలో మిగిలింది ఆ ఆరు సీసాలే.

దశ 5: గుడ్ల కుప్పలు (డిసెంబర్)

గిన్నె చెప్పేది ఏవి తిరుగుతున్నాయో. ఏది దేన్ని తింటోందో చెప్పదు. దానికి గుడ్లను ఏరి, వాటిలోంచి ఏం వస్తుందో చూడాలి. మొదలుపెట్టడానికి కాండం తొలిచే పురుగు గుడ్ల కుప్ప సులువు. ఆకు కొనకు దగ్గరలో, గోధుమ రంగు నూగు కప్పుకుని, చిన్న బూజు తునకలా ఉంటుంది. ఒక్కో కుప్పలో యాభై నుంచి ఎనభై గుడ్లు సాధారణం.

మొదటి విడత 12 కుప్పలు, ఒక్కోటి ఒక గాజు గొట్టంలో, దూది బిరడాతో. ఐదు బూజు పట్టాయి, తడి ఎక్కువైంది. రెండింట్లో ఆకు ఎండి చుట్టుకుపోయి గుడ్లూ ఎండాయి. మిగతావాటిలో పురుగులు బయటికొచ్చాయి కానీ దూదిలో దూరి నూలు పోగుల మధ్య చిక్కి చచ్చాయి. పట్టకారుతో లాగితే కాళ్లు, కొమ్ములు తెగాయి.

రెండో విడత 20 కుప్పలకు మార్చిన తీరు:
1. ఆకును కుప్పకు అటూ ఇటూ 2 సెం.మీ. ఉంచి కోయాలి.
2. గొట్టం అడుగున వడపోత కాగితం ముక్క, దాని మీద రెండే చుక్కల నీళ్లు. రోజు విడిచి రోజు ఒక చుక్క.
3. దూదిని బోల్టింగ్ క్లాత్‌లో మూటగట్టి బిరడా చేయాలి. గాలి ఆడుతుంది, పోగులు లోపలికి రావు.
4. గొట్టాలను నల్ల కాగితం చుట్టిన అట్టపెట్టెలో పడుకోబెట్టి, మూతి వైపు మాత్రం కిటికీ వెలుగుకు పెట్టాలి. బదనికలు వెలుగు వైపు వస్తాయి, ఆకు మడతల్లో వెతకాల్సిన పని ఉండదు.
5. పొద్దున, సాయంత్రం చూడాలి. వచ్చినదాన్ని అప్పుడే స్పిరిట్‌లోకి తీయాలి.

20లో 14 కుప్పల్లోంచి బదనికలు వచ్చాయి. టెలినోమస్ 9 కుప్పల్లో, టెట్రాస్టైకస్ 7లో, ట్రైకోగ్రామా 3లో. ఒకే కుప్పలో రెండు రకాలు రావడం మామూలే. మూడింటినీ చేతి భూతద్దంతోనే వేరు చేయవచ్చు. టెలినోమస్ మిల్లీమీటరుకు దగ్గర, బొగ్గులా నలుపు. టెట్రాస్టైకస్ దానికి దాదాపు రెట్టింపు, ఎండలో తిప్పితే నెమలి మెడ రంగు మెరుస్తుంది. ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు, ఎర్ర కళ్లు, గొట్టం గోడ మీద కదిలే దుమ్ము రేణువనిపిస్తుంది.

లెక్కించడంలో ఒక మెలిక ఉంది. టెలినోమస్, ట్రైకోగ్రామా గుడ్డుకొకటి చొప్పున పెరుగుతాయి. టెట్రాస్టైకస్ పిల్ల ఒక గుడ్డుతో ఆగదు, పక్క గుడ్లు కూడా తింటుంది. దాన్ని ఒక్కటిగా లెక్కిస్తే దాని పని తగ్గిపోతుంది. మేము మూడు గుడ్లుగా వేశాం. ఒక కుప్ప ఉదాహరణ:

వచ్చిన లార్వాలు 22
టెలినోమస్ 31
టెట్రాస్టైకస్ 4 (గుడ్లు 12)
పొదగని గుడ్లు 6
మొత్తం గుడ్లు 71, బదనికల పాలైనవి 43, అంటే 60.6 శాతం

నాలుగును నాలుగుగానే వేస్తే 63కి 35, అంటే 55.6 శాతం. ఒక్క కుప్పలోనే ఐదు శాతం తేడా. ఎలా లెక్కించామో రాయకుండా శాతం మాత్రమే రాస్తే ఇంకొకరి శాతంతో పోల్చడానికి వీలుండదు.

దగ్గర్లో ఎవరైనా ట్రైకో కార్డులు కట్టారేమో అడిగి రాసుకోవాలి. ఎకరాకు 20 వేల చొప్పున వదులుతారు. పక్క కయ్యలో కార్డు కట్టిన వారం మన గొట్టంలో ట్రైకోగ్రామా వస్తే అది గట్టుదని చెప్పలేం. మా మూడు కుప్పల్లో ఒకటి అలాంటి చోటుదే, దాన్ని వేరే వరసలో రాశాం.

ఇప్పటికి లెక్క: గుడ్ల కుప్పలు 32, పనికొచ్చినవి 20. ఖర్చు రూ. 2,830 (గాజు గొట్టాలు యాభై 300).

దశ 6: సుడిదోమ గుడ్లకు ఎర మొక్కలు

సుడిదోమ గుడ్లు ఆకు తొడిమ లోపల ఉంటాయి, ఏరడానికి కనపడవు. కుండీలో పెంచిన మొక్క మీద దోమల చేత గుడ్లు పెట్టించి, ఆ కుండీని పొలంలో పెట్టి తెచ్చుకోవాలి. దోమకు తేలిగ్గా లొంగే టీఎన్1 రకం, నెల వయసు మొక్కలు, 12 కుండీలు. ఒక్కో దాని మీద పారదర్శక షీటు గొట్టం తొడిగి, కడుపుతో ఉన్న ఐదు ఆడ దోమలను ఒక రోజు ఉంచి తీసేశాం. తర్వాత మూడు రోజులు పొలంలో.

మొదటి నాలుగు కుండీలు వృథా అయ్యాయి. తెచ్చాక తొడిమ చీలిస్తే గుడ్లు ఖాళీ తొక్కలుగా ఉన్నాయి. కుండీతో పాటు ఆకుపచ్చ మిరిడ్ నల్లి ఒకటి వచ్చి గది లోపల కూడా గుడ్లు పీల్చింది. ఇదీ దోమకు శత్రువే, రైతుకు మేలు చేసేదే, కానీ మన లెక్కకు అడ్డం. తర్వాతి ఎనిమిదింటిని పొలంలోంచి తీయగానే ఆకు ఆకూ వెతికి, నీళ్లు చల్లి దులిపి, ఆ తర్వాతే షీటు తొడిగాం.

వారానికి తొడిమను బ్లేడుతో నిలువుగా చీల్చి చూడాలి. మంచి గుడ్డు తెల్లగా, కొన దగ్గర దోమ కళ్లు రెండు ఎర్ర చుక్కల్లా ఉంటుంది. అనాగ్రస్ అనే మైమారిడే బదనిక చేరిన గుడ్డు మొత్తం నారింజ ఎరుపుకు తిరుగుతుంది. అరటిపండు గెలలా వరసగా ఉన్న తెల్ల గుడ్ల మధ్య రెండు మూడు ఎర్రవి కనపడగానే ఆ తొడిమను తడి కాగితం మీద పెట్టి ఉంచాలి. పది పన్నెండు రోజులకు బదనిక వస్తుంది. ఎనిమిది కుండీల్లో ఆరింట ఎర్ర గుడ్లు కనిపించాయి.

ఖర్చు ఇప్పటికి రూ. 3,070.

దశ 7: పైరు పెరిగాక గిన్నె మునిగింది (జనవరి)

డిసెంబర్, జనవరి నెలల్లో వారానికి ఒక రోజు, 20 గిన్నెలు, ఎనిమిది వారాలు. 160 గిన్నె-రోజుల్లో 11 పోయాయి: బర్రెలు నీళ్లు తాగినవి, కుక్క తిరగేసినవి, కప్ప దూరి పడినవన్నీ తిన్నవి. గిన్నెలో కప్ప కనపడితే ఆ గిన్నె లెక్క కొట్టేయడమే.

పొట్ట దశ దాటాక గిన్నెకు పడేవి వారం వారం తగ్గాయి. బదనికలు తగ్గాయని రాసేయబోయి ఆగాం, ఎందుకంటే అదే వారం ఏరిన గుడ్ల కుప్పల్లో బదనికలు తగ్గలేదు. గట్టుకు రెండు వైపులా పైరు నడుము ఎత్తు పెరిగి, ఆకులు గట్టు మీదికి వాలి గిన్నెను కప్పేశాయి. పై నుంచి పసుపు కనపడదు. పది గిన్నెలను వెదురు కర్రల మీద పైరు తల ఎత్తుకు లేపి, పదింటిని కిందే ఉంచాం. పైన పదింట 142, కింద పదింట 51. సీలియోనిడే మాత్రం కిందే ఎక్కువ పడ్డాయి. అందుకని అప్పటినుంచి సగం పైన, సగం కింద, రెండూ వేరువేరు సీసాలు. గిన్నె లెక్క అంటే ఎన్ని ఉన్నాయో కాదు, ఎన్ని కదిలి ఆ రంగును చూశాయో. గాలి, ఎండ, పైరు ఎత్తు ఈ మూడూ ప్రతి రోజు వరసలో ఉండాలి.

నాలుగోది మందు. పక్క కయ్యలో పురుగుమందు కొట్టిన ముందు వారం 20 గిన్నెల్లో 186, తర్వాత వారం 38. మూడో వారానికి గానీ నూరు దాటలేదు. మందు పేరు, తేదీ రైతును ఆ రోజే అడిగి రాసుకోవాలి. నెల తర్వాత అడిగితే ఆయనకు గుర్తుండదు, ఆ 38 ఎందుకొచ్చిందో మనకూ అర్థం కాదు.

దశ 8: కుటుంబం దాకా గుర్తింపు

స్టీరియో మైక్రోస్కోపు కనీసం 40 రెట్లు పెంచేది కావాలి. ఖర్చులో కలపలేదు, ఇది కాలేజీది. ఫోనుకు తగిలించే మాక్రో లెన్సు టెట్రాస్టైకస్ దాకా సరిపోతుంది, దాని కింద మసకే.

మైమారిడే: ముఖం మీద కళ్ల మధ్య ఇంగ్లీషు హెచ్ అక్షరంలా గీతలు. వెనక రెక్క మొదట్లో కాడలా సన్నం. ముందు రెక్క తెడ్డులా ఉండి, అంచు వెంట్రుకలు ఒక్కోసారి రెక్క వెడల్పు కంటే పొడవు. స్పిరిట్ గిన్నెలో పడుకోబెట్టి పక్క నుంచి వెలుగు వేస్తే ఆ వెంట్రుకలు చీపురు పుల్లల్లా ఒక్కోటి విడిగా కనపడతాయి. కింద నల్ల కాగితం పెడితేనే.

ట్రైకోగ్రమాటిడే: పాదంలో మూడు కణుపులు. చాలావాటికి రెక్క మీది వెంట్రుకలు వరసలు తీరి ఉంటాయి.

యూలోఫిడే: పాదంలో నాలుగు కణుపులు. టెట్రాస్టైకస్ దీంట్లోదే.

ఎన్‌సిర్టిడే: మధ్య కాలి ముల్లు బలంగా ఉంటుంది, ఎగిరి దూకడానికి.

డ్రైయినిడే: ఆడదానికి ముందు కాళ్ల చివర పట్టకారు. దానితో దోమను పట్టుకుంటుంది. ఒక్కటి దొరికినా ఆ పట్టకారు చూసి తీరాలి.

పాదం కణుపులు లెక్కించేటప్పుడు ఒకే కాలు చూసి రాయవద్దు. కొన కణుపు విరిగిన కాలు నాలుగును మూడు చేస్తుంది. మొదటి నెల ట్రైకోగ్రమాటిడేగా రాసిన రెండు, తర్వాత యూలోఫిడే అని తేలాయి.

జాతి పేరు దాకా మనం పోకూడదు. అది స్లైడు చేసి, అచ్చయిన వర్ణనలతో సరిచూసే నిపుణుల పని. బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్ (జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ), కోల్‌కతా కేంద్రంగా ఉన్న జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఇలాంటి నమూనాలు దాచే సంస్థలు. విదేశంలోని నిపుణుడికి సీసా పోస్టు చేయడం 2002 జీవ వైవిధ్య చట్టం కిందికి వస్తుంది, అనుమతి లేకుండా పంపవద్దు. పెనుశిల నరసింహ అభయారణ్యం లాంటి చోట్ల అటవీ శాఖ అనుమతి లేనిదే ఒక్క గిన్నె కూడా పెట్టకూడదు. సొంతదారు ఒప్పుకున్న పొలం గట్టుకు ఈ చిక్కు లేదు.

పక్క పని: ప్రకాశం జామాయిల్

మెట్టలో పోలిక కోసం ప్రకాశం జిల్లాలో ఒక జామాయిల్ తోట చూశాం. అక్కడ గిన్నె నీళ్లు మధ్యాహ్నానికే సగం ఆవిరయ్యాయి, రెండో రోజు వదిలేశాం. దాని బదులు ఆకు ఈనెల మీద, లేత కొమ్మల మీద బుడిపెలున్న రెమ్మలు కోసి, పాలిథిన్ సంచిలో కాకుండా మూతకు గుడ్డ కట్టిన సీసాలో ఉంచాం. పాలిథిన్‌లో చెమ్మ పట్టి ఆకు కుళ్లింది. సీసాలోంచి వచ్చింది ఎక్కువగా బుడిపెలు చేసే లెప్టోసైబ్ కందిరీగే, మిల్లీమీటరు పైచిలుకు, గోధుమ రంగు మీద లేత నీలి మెరుపు. దాన్ని తినే బదనికలు విడిగా తీసి పెట్టాం, ఇంకా చూడలేదు.

ఎడగారు పైరుకు మార్చేవి

ఇప్పటికి మొత్తం: పనికొచ్చే గిన్నె-రోజులు 171, గుడ్ల కుప్పలు 20, ఎర కుండీలు 8, ఖర్చు రూ. 3,070.

1. ఎడగారులో (రబీ తర్వాత వేసే పైరు) ఎండకు నీళ్లు ఆవిరవుతాయి. గిన్నెలో 3 సెం.మీ. నీళ్లు, ఉదయం 6కి పెట్టి మధ్యాహ్నం ఒకసారి కలపాలి. వాన రంధ్రాలు టేపుతో మూయాలి.
2. నాట్ల నుంచే సగం గిన్నెలు కర్రల మీద ఉండాలి. ఎత్తు పదిహేను రోజులకోసారి పైరును బట్టి పెంచాలి.
3. మందు కొట్టని కయ్య ఒకటి పోలికకు కావాలి. రైతుతో మాట నాట్లకు ముందే కుదుర్చుకోవాలి.
4. పక్కన పెట్టిన తొమ్మిది సీసాలను పారేయలేదు. తేదీ లేకపోయినా గుర్తింపు నేర్చుకునేవాళ్లకు కాళ్లు, రెక్కలు చూపించడానికి పనికొస్తాయి. వాటి మీద పెన్సిలుతో రాసింది ఒకటే మాట: లెక్కకు కాదు.